తగ్గిందని చెప్పాను

నాకు జబ్బు చేసి రెండేళ్లయింది గానీ, దానికో పేరు దొరికి ఎనిమిది నెలలే అయింది. అంతవరకూ రక్తపరీక్షలు నార్మల్, థైరాయిడ్ నార్మల్, స్కానింగ్ నార్మల్. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నీ నార్మలైతే స్నానం చేసి వచ్చి గంటసేపు తడిజుట్టుతో మంచం మీద ఎందుకు పడి ఉంటాను? మొదట ఒక వైరల్ జ్వరం వచ్చింది, తగ్గింది. దాని వెంట వచ్చిన నీరసం మాత్రం పోలేదు. రాత్రంతా నిద్రపోయినా తెల్లారేసరికి రాళ్లు మోసి వచ్చినట్టు ఉంటుంది. కాస్త పని చేస్తే ఆ రోజు ఏమీ కాదు, మర్నాడో ఎల్లుండో దెబ్బ కొడుతుంది. చివరికి ఒక పెద్ద డాక్టరు ‘క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్’ అని కాగితం మీద రాసి, “దీన్ని తగ్గించే మందు లేదమ్మా, ఉన్న ఓపికను చూసి వాడుకోండి” అన్నారు.

ఆ పేరు విని కంచరపాలెంలో ఉండే మా ఆడపడుచు నవ్వింది. “ఓలమ్మో, బద్దకానికి గూడా ఇంగ్లీషు పేరెట్టీసినారా!” అంది. వేళాకోళానికే అంది లెండి. నేనూ నవ్వాను. ఏడవాలన్నా ఓపిక ఉండాలి కదా.

ఉక్కునగరంలో మా క్వార్టరుకు రెండు వీధుల అవతల ఉన్న చిన్న బడిలో నేను మూడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. పద్దెనిమిదేళ్లు నిలబడే చెప్పాను. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే టీచర్లంటే చిన్నచూపు కూడా ఉండేది, పొగరు. ఇప్పుడు జీతం లేని సెలవులో ఉన్నాను. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే రోజుకు రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పారు. ఆవిడ తప్పేం లేదు. ఆ ఉద్యోగం ఒక్కటీ నిలబడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను.

ద్వారకా నగర్‌లో ఆస్టియోపతి చేసే అమ్మాయి ఉందని తోటి టీచరు చెప్పింది. మందులుండవట, చేతులతోనే ఒళ్లు వదులు చేస్తుందట. “అంటే ఏటి, మసాజా?” అన్నారు మా ఆయన. కాదన్నాను గానీ ఏమిటో నాకూ తెలియదు. ఆమె గది ఒక కోచింగ్ సెంటరు పైన, రెండో అంతస్తులో ఉంది. మెట్ల నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకుంటుంటే “ఆంటీ, సైడ్” అంటూ దూసుకుపోయారు.

ఆ అమ్మాయి ముందే చెప్పేసింది. “ఈ జబ్బు నా చేతుల్లో తగ్గేది కాదండీ. మెడ, వీపు పట్టేసినవి వదిలితే మీకు కాస్త తేలిగ్గా ఉండొచ్చు, అంతే.” నన్ను బల్ల మీద పడుకోబెట్టి తల కింద రెండు చేతులూ పెట్టి ఊరికే ఉంది. నొక్కలేదు, రుద్దలేదు. ఎక్కడ పట్టేసిందో నేను చెప్పకముందే ఆమె వేళ్లు అక్కడికి వెళ్లి ఆగాయి. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకని ఆమె అడగలేదు. లేచాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి నా తల నాకు బరువనిపించలేదు.

కానీ వెళ్లి రావాలిగా! మా ఆయనకు డ్యూటీ ఉంటే ఆటో ఎక్కి, బస్సెక్కి, గాజువాక ట్రాఫిక్‌లో ఎండకు మాడి, ఆ మెట్లెక్కి దిగాలి. అక్కడ దొరికిన సుఖం తిరుగు బస్సులోనే ఆవిరైపోయేది. నాలుగోసారి వెళ్లొచ్చాక ఆరు రోజులు మంచం దిగలేదు. మంచినీళ్లు కూడా మా ఆయనే తాగించారు. ఫోన్ చేసి చెబితే ఆ అమ్మాయి బాధపడింది. “ఒకసారి మీవారిని తీసుకురండి. ఇంట్లో చేయగలిగింది ఒకటి నేర్పిస్తాను. మీరు నెలకోసారి వస్తే చాలు” అంది.

మా ఆయన స్టీలు ప్లాంటులో ఫిట్టరు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ట్రైనింగుకు వచ్చినట్టు వచ్చారు. “ఎంత ప్రెషరెట్టాలి మేడమ్?” అని అడిగారు. “అసలు పెట్టకూడదండీ. చేతిలో కోడిగుడ్డు ఉందనుకోండి” అందామె. తల బొమ్మ గీసుకుని, వేళ్లు ఎక్కడ ఉండాలో బాణం గుర్తులు వేసుకున్నారు.

మర్నాడు షిఫ్టు దిగి వచ్చి స్నానం చేశారు. చేతుల పగుళ్లు నాకు గీసుకుంటాయని కొబ్బరినూనె రాసుకున్నారు. ప్లాస్టిక్ స్టూలు మంచం తలవైపుకు లాక్కుని, నోట్‌బుక్ దిండు పక్కన తెరిచి, నా తల కింద చేతులు పెట్టారు. నాకెక్కడ నొప్పి పుడుతుందోనని ఊపిరి బిగబట్టారు. ఆయన బిగుసుకుంటే నేనూ బిగుసుకుపోయాను. మెడ ఇంకాస్త పట్టేసింది.

“తగ్గిందేటి?” అన్నారు పది నిమిషాలకే.

కళ్లు తెరిచి పైకి చూశాను. ఈ రెండేళ్లూ ఆసుపత్రుల్లో ఫైలు పట్టుకుని నా వెనకే నిలబడ్డ మనిషి. వంట నేర్చుకున్నారు, చెల్లెలి దెప్పుళ్లు పడ్డారు. ఇన్నాళ్లకు తన చేత్తో చేయగలిగింది ఒకటి దొరికింది. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“తగ్గింది. హాయిగా ఉంది” అన్నాను.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికప్పుడే కంచరపాలెం ఫోన్ చేశారు. “నా సేత్తోనే తగ్గతందే సెల్లీ!” అని గట్టిగా నవ్వారు. అంత గట్టిగా నవ్వడం నేను విని ఎన్నాళ్లయిందో.

ఆ తర్వాత రోజూ అదే. “ఇయ్యాల ఎలాగుంది?” అని ఆయన, “నయమండీ” అని నేను. రేపు నిజం చెప్పేస్తానని రోజూ అనుకునేదాన్ని. ఆయన ఇంటికొచ్చే వేళకు ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, జుట్టు ముడి వేసుకుని సోఫాలో కూర్చునేదాన్ని. ఆయన మర్నాడు డ్యూటీకి వెళ్లాక సాయంత్రం దాకా పడిపోయేదాన్ని. నాటకం ఆడీ ఆడీ జబ్బు ఎక్కువైంది.

నెల తిరిగింది. ద్వారకా నగర్ వెళ్లాలి కదా అని గుర్తు చేశాను.

“ఆ మేడమ్‌కి ఫోన్ సేసి మానిపించీసినాను. అంత దూరం తిప్పలు నీకెందుకే? నాను లేనేటి?” అన్నారు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. “బాగా తగ్గిందటగా! మీవారు చెప్పారు. చాలా సంతోషమండీ” అంది. నా బాధను నమ్మిన మనిషి నా అబద్ధాన్నీ నమ్మేసింది. మా ఆయన పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నారు. “అవునండీ, మీ దయ” అని ఫోన్ పెట్టేశాను.

నిన్న ఆయన మాడుగుల హల్వా పట్టుకొచ్చారు.

“బడికెల్లి మీ పెద్ద టీచరమ్మతో సెప్పీసినాను. సోమారం నుంచి వత్తాదండీ, బాగుందిప్పుడు అన్నాను. ఆవిడ కొత్త టీచర్ని ఎట్టుకోనన్నారు” అంటూ ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టారు.

మింగాను. ఇప్పుడే చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనుకున్నాను. ఆయన అప్పటికే స్టూలు లాక్కుని కూర్చున్నారు. చెబితే ఆ చేతుల్ని ఏం చేసుకుంటారు? పడుకుని కళ్లు మూసుకున్నాను.

ఇవాళ ఆదివారం. రేపు బడి తెరుస్తారు, నేను లేవలేను. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆయన వరండాలో కూర్చుని నా బడి చీరకు ఇస్త్రీ చేస్తున్నారు.