గంట మోగాక అన్న మాట

ముందుగా ఒట్టు వేస్తాను. మా ఇంటి నరసింహస్వామి మీద, నేను కూర్చునే గది కింది గాజుల కార్ఖానా ఉస్తాద్ నమ్మే అల్లా మీద, రోజుకు మూడుసార్లు తాగే ఇరానీ చాయ్ మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. పాతబస్తీలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి. మూసీ వరదలో కొట్టుకొచ్చిన మొసలిని మా తాత ఉర్దూలో బతిమాలి వెనక్కి పంపించాడని ఒకప్పుడు చెప్పాను. దాన్ని ఇప్పటికీ నమ్మేవాళ్లు ధూల్‌పేట్‌లో ఇద్దరున్నారు. ఇది ఆ బాపతు కాదు.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. కోర్టు కచేరీ వరండాలో కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టే మున్షీని. కొత్తగా ఎన్నికలు వచ్చాయి. మా వైపు నుంచి ఒక వకీలు ప్రతిపక్షం తరఫున గెలిచి ఢిల్లీ లోక్‌సభకు వెళ్లాడు. గొంతు చిన్నది, మనసు మంచిది, షేర్వానీ ఒక్కటే. ఆయన గాజుల కార్ఖానా పైన ఒక గది తీసుకుని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. సభ జరిగే నెలల్లో నేనక్కడ కూర్చుని అర్జీలు తీసుకోవాలి, ఇంగ్లీషులో తిరగరాసి ఢిల్లీకి పంపాలి. కింద లక్క కరిగే వాసన, పైన నేను, ఎదురుగా ఆయన ఖాళీ కుర్చీ.

ఆ పనికి ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఇంట్లో ఉండలేకపోతున్నాను. ముందటేడు వానాకాలంలో మా ఆవిడ పోయింది.

ఆమె పోయింది ఇంట్లోనూ కాదు, ఆస్పత్రిలోనూ కాదు. మలక్‌పేట వైపు వెళ్లే దారిలో రైలు గేటు ముందు, రిక్షాలో. పొద్దున్నే ఆయాసం వచ్చింది. రిక్షా మాట్లాడి బయల్దేరాం. మేం చేరేసరికి గేటు పడింది. గూడ్సు బండి ముందుకు పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ఆగింది. గేటు మాత్రం లేవలేదు. పాల బిందెలవాళ్లు, ఆఫీసులకు పోయేవాళ్లు, అందరూ వానలో తడుస్తూ నిలబడ్డారు. ఆమెకు భయం వేయకూడదని నేనొక కథ ఎత్తుకున్నాను. ఆ గూడ్సు బండి డ్రైవరు మా మేనమామేనని, పెళ్లాంతో తగాదా పడి ఇంటికి పోవడం ఇష్టంలేక అట్లా ముందుకూ వెనక్కూ నడుపుతున్నాడని. మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. నేను ఏ కథ చెప్పినా చివర్న ఆమె మెల్లగా, "గిండ్ల నీ సొంతం ఏది?" అని అడిగేది. ఎక్కడ కల్పించానో నేను ఒప్పుకునేదాకా వదిలేది కాదు. ఆ రోజు కథ అయిపోయింది. ఆమె అడగలేదు. ఆమె ముఖం మీది కొంగు తొలగించి చూశాను. గేటు ఆ తర్వాత లేచింది.

వకీల్ సాబ్ మొదటిసారి ఢిల్లీ పోయేటప్పుడు ఆయన చేతికిచ్చిన అర్జీల్లో అన్నిటికన్నా కింద పెట్టింది నాదే. బస్తీ జనం పేరున రాశాను. గేటు దగ్గర వంతెన కావాలి, గేటు పడి ఉండగా ఒక ఆడమనిషి రిక్షాలోనే చనిపోయింది అని. ఎవరా ఆడమనిషో రాయలేదు. నవ్వించి బతికేవాడు ఏడుపు కాగితం మీద పెడితే అక్షరాలు కూడా నమ్మవని అనిపించింది. నాకు వంతెన మీద ఆశ లేదు. అంత పెద్ద సభలో, అన్ని రాష్ట్రాలవాళ్లు కూర్చున్నచోట, ఆమె పోయిన సంగతి ఒక్కసారి ఎవరైనా పైకి అనాలి. అంతే నాకు కావలసింది.

రైల్వే బడ్జెట్ చర్చ అయిపోయిన కొన్నాళ్లకు టపాలో పుస్తకం వచ్చింది. సభలో ఎవరు ఏమన్నారో అంతా అచ్చువేసిన పుస్తకం. సాయంత్రానికి ముగ్గురు పైకి ఎక్కి వచ్చారు. కార్ఖానా ఉస్తాద్, ధూల్‌పేట్ నుంచి పాలు తెచ్చే మల్లెపువ్వంత తెల్ల తలపాగా ఆసామి, పక్క గల్లీ గుళ్లో పూజారి. ముగ్గురూ ఆ అర్జీ మీద సంతకాలు చేసినవాళ్లే.

"సదువు మున్షీ అన్నా, ఏమన్నడు మనోడు?" అన్నాడు పాలాయన.

నా జన్మలో కల్పన లేకుండా చదివింది ఆ ఒక్క పంక్తే. ఇంగ్లీషులో ఉన్న ప్రతిపాదనల పట్టికలో వకీల్ సాబ్ పేరు వెతికి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. రైలు గేటు దగ్గర వంతెన అవసరం గురించి ఫలానా సభ్యుడు ప్రతిపాదించేదేమంటే, రైల్వేలకు ఇచ్చే డబ్బులో నూరు రూపాయలు తగ్గించవలసినది.



"తగ్గియ్యమన్నడా?" అన్నాడు పాలాయన.

"నూరు రూపాయలు తగ్గియ్యమన్నడు."

"వంతెన కట్టుమని పంపితే ఉన్న పైసలు కోస్తడా? ఇగ ఆయన్ని గెలిపియ్యనీకె నా బర్రెలను ఇడిసిపెట్టి వారం దినాలు తిరిగిన."

"మున్షీ సాబ్, ఠీక్ సే పఢో," సరిగ్గా చదవమన్నాడు ఉస్తాద్. "పుల్ మాంగ్‌నే గయా సో ఆద్మీ, సౌ రుపయే కటా కే ఆతా కైకు?" వంతెన అడగబోయినవాడు నూరు రూపాయలు కోయించి ఎందుకొస్తాడని.

పూజారి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "గిది నువ్వు కల్పించిందేనా ఏందయ్యా? నీ కతల్లెక్కనే ఉన్నది."

"అయ్యగారూ, మా నరసింహస్వామి మీద ఒట్టు."

"నువ్వు ఒట్టు పెడ్తే ఇంక అనుమానం లేదు. కల్పించిందే."

లొల్లి ముదిరింది. వకీల్ సాబ్‌ను పాలక పార్టీవాళ్లు కొనేశారని పాలాయన, ఢిల్లీ నీళ్లు పడక మతి చలించి ఉంటుందని పూజారి గారు. ఇంక సంతకాలు ఏ కాగితం మీదా పెట్టనని ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. వాళ్లు మెట్లు దిగిపోతే మళ్లీ ఎక్కరని నాకు అర్థమైంది. అప్పుడు నేనూ, ఆ ఖాళీ కుర్చీ మిగులుతాం.

"కూసోండ్రి," అన్నాను. "అసలు మాట్లాడింది ఇంకా సదవలే."

ప్రసంగం ఉన్న పేజీ తెరిచాను. తెరిచి, లోపల ఉలిక్కిపడ్డాను. మా వకీల్ సాబ్ ఇంగ్లీషులో రాయగలడు గాని లేచి మాట్లాడాలంటే ఉర్దూలోనే నోరు తిరుగుతుంది. ఆయన ఉర్దూను అక్కడివాళ్లు హిందీ కింద జమకట్టి నాగరి లిపిలో అచ్చువేశారు. నేను నిజాం కాలం బడిలో ఉర్దూ చదివినవాణ్ని. ఇంగ్లీషు పొట్టకోసం నేర్చుకున్నాను, తెలుగు అమ్మ నేర్పింది. నాగరి ఒక్క ముక్క రాదు. తీగ మీద ఆరేసిన బట్టల్లా ఆ అక్షరాలు వేలాడుతున్నాయి.

మూడు జతల కళ్లు నా మీదున్నాయి. నేను చదవడం మొదలుపెట్టాను.

ఆ పూట వకీల్ సాబ్ చేత గంటన్నర మాట్లాడించాను. బల్ల గుద్దించాను. రైళ్ల మంత్రి చేతిలో గ్లాసు ఒలికింది. నూరు రూపాయలు ఎందుకు కోయమన్నాడని పాలాయన మధ్యలో అడిగితే, "బెదిరియ్యనీకె. మా గోస ఇనకపోతే నూరుతోటి మొదలుపెట్టి మొత్తం కోస్తనన్నడు," అన్నాను.

"గట్లనా," అని పాలాయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "గిది ముందే చెప్పొద్దా?"

ఉస్తాద్ కింది నుంచి నాలుగు చాయ్‌లు తెప్పించాడు. అంతా కల్పించాను గాని ఒక్క సంగతి మాత్రం నా నోట రాలేదు. రిక్షాలో పోయిన ఆడమనిషి. రెండుసార్లు దాని అంచుదాకా పోయి మంత్రి గ్లాసు దగ్గరికి తిరిగొచ్చాను. ఆమెను కథలో పెడితే ఆమె కూడా నా కథ అయిపోతుంది. ఆ సంగతి పుస్తకంలో ఉండి ఉండాలి. ఉంటే నేను చదవాలి.

ఎవరినైనా చదివించుకోవచ్చు కదా అంటారు. బట్టల బజారులో నాగరి వచ్చిన సేట్లు ఉన్నారు. కాని పుస్తకం వాళ్ల చేతిలో పెడితే నా గంటన్నర ప్రసంగం ఏమైపోవాలి? అందుకని బడి పుస్తకాలమ్మే దుకాణానికి వెళ్లి హిందీ మొదటి వాచకం అడిగాను.

"మనవడికా భాయ్?" అన్నాడు దుకాణదారు.

"ఆ, మనవడికే."

"ఏ తరగతి?"

"ఇప్పుడే మొదలుపెట్టిండు. జర మొద్దు."

మాకు పిల్లలే లేరు. రెండు నెలలపాటు రోజూ పొద్దున, ఎవరూ రాకముందే గది తెరిచి, ఏనుగు బొమ్మకింద ఒక అక్షరం, చేప బొమ్మకింద ఒక అక్షరం దిద్దుకున్నాను. నేర్చుకున్న అక్షరాన్ని తీసుకుపోయి ప్రసంగంలో వెతికేవాణ్ని. మొదట ఒక్కో పంక్తిలో రెండు మూడు దొరికేవి. తర్వాత మాటలు తెలిశాయి. పానీ. డబ్బా. ముసాఫిర్. రాని భాషేమీ కాదు అది. నేను చిన్నప్పటి నుంచి మాట్లాడుతున్నదే. పరాయి బట్టలు వేసుకొచ్చిన చుట్టంలా ఉంది.

ప్రసంగం రెండు పేజీలకు ఒక పంక్తి తక్కువ. మూడో తరగతి డబ్బాల్లో దీపాలు లేవన్నాడు. స్టేషన్లలో మంచినీళ్లు లేవన్నాడు. బరువులు మోసే కూలీలకు నిలబడే నీడ లేదన్నాడు. పాపం, అన్నీ ఎవరో ఒకరి అర్జీలే, అన్నీ నేను తిరగరాసినవే. చివరికి "ఔర్ ఏక్ ఫాటక్ హై" అన్న మాట దగ్గరికి వచ్చాను. ఫాటక్ అంటే గేటు. ఆ పంక్తి దాటగానే అధ్యక్షస్థానంలో ఉన్నాయన ఇంగ్లీషులో, గౌరవ సభ్యుడి సమయం అయిపోయింది అన్నాడు. గంట మోగింది అని బ్రాకెట్లో వేశారు. ఒక్క నిమిషం అని మావాడు అడిగాడు. అడిగి, ఇట్లా అన్నాడు: "ఆ గేటు ముందు ఒక ఆడమనిషి రిక్షాలో చనిపోయింది. ఆమె పక్కన ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. సభ ఆమెకోసం ఏమీ చేయలేకపోయినా, కనీసం వినాలి."

ఆ సాయంత్రం ముగ్గురినీ పిలిచి అంతవరకే చదివాను. ఉస్తాద్ చేతిలోని గాజు కింద పెట్టాడు. పూజారి గారు కళ్లజోడు తీశారు. పాలాయన, "మొగుడు కూడా ఉండెనా పక్కన?" అన్నాడు.

"ఉండెనట."

"పాపం," అన్నాడు.

నా ముగ్గురు శ్రోతలకూ మా ఆవిడ పోయిందని తెలుసు. ఎక్కడ పోయిందో తెలియదు. ఆస్పత్రిలో అని చెప్పి ఉన్నాను.

సభ ముగిసి వకీల్ సాబ్ తిరిగొచ్చాడు. షేర్వానీకి రైలు మసి అంటుకుంది. ముగ్గురూ పూలదండతో పైకొచ్చారు.

"ఆ గంట మోగినంక అన్నరు సూడుండ్రి, గా మాట," అన్నాడు పాలాయన. "మా ఇంట్ల ఆడోళ్లు ఇని ఏడ్సిన్రు బాపూ."

వకీల్ సాబ్ నావైపు చూశాడు. నేను దండకు కట్టిన దారం విప్పుతున్నాను.  ఆయన ఉస్తాద్ చేయి పట్టుకుని ఊపాడు, నవ్వాడు, తల వంచుకున్నాడు. ఎంత నిగర్వి అని పూజారి గారు మెచ్చుకున్నారు.

వాళ్లు వెళ్లాక నూరు రూపాయల సంగతి అడిగాను. "అది ఆ సభల రివాజు మున్షీ," అన్నాడు. "ఒక గోస చెప్పుకోవాలంటె నూరు కోయుమని కాగితం ఇయ్యాలె. నూరు కోసేది లేదు, పెట్టేది లేదు. మాట్లాడనీకె అదొక సాకు."

"నేను బెదిరియ్యనీకె అని చెప్పిన."

"సుమారు గదే." కుర్చీలో వెనక్కి వాలాడు. "నా వంతు వచ్చేసరికి పొద్దుగూకింది. అందరు చాయ్‌కి పోయిన్రు. పది మంది ఉన్నరో లేరో, అండ్ల ఒకాయన గురక పెడ్తుండె. ఖాళీ బెంచీలకు సలాం జేసి మాట్లాడుడు ఎట్లుంటదో ఎరుకనా నీకు?"

ఎరుకే అన్నాను. ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుని నేను చేసిందేమిటి మరి.

ఆయన షేర్వానీ మసి దులుపుకుంటూ, "ఎవరు మున్షీ ఆమె? మన బస్తీ ఆమేనా?" అన్నాడు.

"ఎవరో వకీల్ సాబ్. రిక్షా ఆయన చెప్పిండు."

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటుంది. "ఎవరో" అన్నది అబద్ధమని మీకు తెలుసు, దాని గురించి కాదు. గంట మోగాక అన్న ఆ మాట పుస్తకంలో లేదు. ఒక్క నిమిషం అని ఆయన అడిగింది నిజం. వీల్లేదన్నారు. దాని కింది పంక్తిలో ఇంకో సభ్యుడి పేరుంది, ఆయన తన ఊరి రైళ్ల గురించి మొదలుపెట్టాడు. మంత్రి గ్లాసులాంటివి నోటికొచ్చినట్టు చెప్పినవి. ఇది అట్లా కాదు. రెండు రోజులు రాసి, కొట్టేసి, వకీల్ సాబ్ గొంతుకు సరిపోయేట్టు చిన్నది చేసి, పుస్తకం ముందు పెట్టుకుని వేలితో చూపిస్తూ చదివాను. పాలాయన ఇంట్లో ఆడవాళ్లు ఏడ్చింది నిజం. నేను ఏడవలేదు, చదువుతున్నాను కనక.

మా మెట్లెక్కి వచ్చేవాళ్లలో ఆ అక్షరాలు చదవగలవాణ్ని నేనొక్కణ్నే. ఆ పేజీలో ఆమె లేదని తెలిసింది కూడా వకీల్ సాబ్‌కూ, నాకూ మాత్రమే.