పైట సర్దే చెయ్యి

జుట్టు కొండకు ఇచ్చేస్తే వేషం కూడా దానితోనే పోతుందనుకున్నాను. వీధినాటకాల్లో అమ్మవారి వేషం కట్టీ కట్టీ అలిసిపోయి, మీసం మొలిచిన నాటినుంచి పెంచుకున్న జడను తిరుమలలో తీయించుకుని దిగివచ్చాను. దారి పొడుగునా తల చల్లగా ఉంది.

నా విసుగు ఆట మీద కాదు. తెల్లవారి ఆట ముగిశాక, ముఖాన రంగు కడుక్కోకముందే ఆడవాళ్లు వచ్చి కాళ్లమీద పడేవాళ్లు. దాని మీద. అవి యుద్ధం రోజులు. పట్టాళానికి పోయిన కొడుకు తిరిగొస్తాడా తల్లీ అని ఒకామె నా చీర చెంగు పట్టుకుని వదల్లేదు. నేనేం చెప్పను? నోరు విప్పలేదు. అమ్మ కాదనలేదంటే ఒప్పుకున్నట్టేనని పక్కనున్నవాళ్లు ఆమెకు నచ్చజెప్పి తీసుకుపోయారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇక మామూలు మనిషిగా బతికితే చాలుననిపించింది.

పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో, భజన గుడి ముందు చెక్కభజన నేర్పడానికి కుదురుకున్నాను. చేతుల్లో గజ్జెల చెక్కలు తాళానికి కొడుతూ, పాడుతూ, వరసగా అడుగులు వేసే ఆట అది. ఊళ్లో ఎవరైనా ఆడొచ్చు, రంగు పూసుకోనక్కర్లేదు. నాకు కావలసిందీ అదే. సేద్యం చేసుకునే మగవాళ్లు మడిలో దిగిన కాళ్లతోనే సాయంత్రం వచ్చేవాళ్లు. నన్ను "అయ్యోరా" అని పిలిచేవాళ్లు. తల్లీ అనేవాళ్లు లేరు. ఆ పిలుపు వింటే ప్రాణం కుదుటపడేది. నేర్పే పద్ధతి మాత్రం పాతదే: నేను ముందు నిలబడి ఆడతాను, వాళ్లు నా వెనక నిలబడి నన్ను చూసి ఆడతారు. ఒంట్లో ఓపిక లేని రోజుల్లో కూడా అట్లాగే నేర్పాను.

శ్రీరామనవమి సాయంత్రం వాళ్లు మొదటిసారి ఊరి ముందు ఆడారు. నేను జనంలో కూర్చున్నాను. వాళ్లను ఎదురుగా చూడటం నాకూ అదే మొదలు. అడుగు బాగుంది, తాళం బాగుంది. పాట మధ్యలో గిరుక్కున తిరగాల్సిన చోటు వచ్చింది. మెలితిప్పిన మీసాలతో ఆ మగవాళ్లందరూ ఒక్కసారిగా నడుం కాస్త వంచి, ఎడమ చెయ్యి భుజం మీదికి తీసుకుపోయి, లేని పైట సర్దుకుని మరీ తిరిగారు. జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్య ఒక ముసలామె లేచి, "అమ్మే వచ్చిండాది" అంటూ వరసంతటికీ దండం పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆట అయ్యాక, అందరిలోకీ పెద్దవాణ్ణి పట్టుకుని అడిగాను.

"ఎవుడు నేర్పించినాడు ఆ చెయ్యి?"

"ఇంకెవురు నేర్పిస్తారు అయ్యోరా? నువ్వు ఏసినట్టే ఏసినాము. అది గూడా అడుగులోదే అనుకుంటిమి."

ఆట చూడటానికి వచ్చి పక్కనే నిలబడ్డ నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నా ముఖం చూసి తగ్గింది. "బాయిలో నీళ్లు సేదేటప్పుడు గూడా నీ సెయ్యి భుజమ్మీదికే పోతాది. ఇన్నాళ్లూ సూసుకోలేదా?" అంది.

మర్నాడు ఆ చెయ్యి తీసేయమన్నాను. వాళ్లు తీసేశారు. ఎంత సులువుగా మరిచిపోయారో! ఆ చెయ్యి లేకుండా ఇంకా చక్కగా ఎట్లా తిరగాలో చూపిద్దామని నేను ముందు నిలబడి, ఎడమ చెయ్యి నడుముకు అదుముకున్నాను. తాళం తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది. ఆ చెయ్యి లేవకుండా నా ఒళ్లు తిరగనే తిరగలేదు. వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"నువ్వు కూసో అయ్యోరా, నోటితో సెప్పు. మేము ఏస్తాం" అన్నాడు పెద్దవాడు మెల్లగా.

గుడి అరుగు మీద కూర్చున్నాను. ఆ తర్వాత ఏ పల్లెలో నేర్పినా కూర్చునే నేర్పాను. నా శిష్యులెవరూ మళ్లీ పైట సర్దుకోలేదు. పాటలో ఆ చోటు వచ్చేసరికి, ఒళ్లో ఉన్న ఎడమ చేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చునేవాణ్ణి.