సూదికీ బోణీకీ మధ్య

మా ఆయనకు చక్కెర జబ్బని తేలినప్పుడు నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంట్లో బెల్లం, చక్కెర దాచెయ్యడం. ఆత్మకూరులో మాకు కిరాణా అంగడి. పొద్దున్నే కాంపౌండరు ఇంటికొచ్చి ఇన్సులిన్ సూది వేసేవాడు. ఆ వెంటనే ఆయన క్యారియరు పట్టుకొని అంగడికి పోయేవారు. బోణీ కాకముందు నోట్లో మెతుకు పెట్టకూడదని వాళ్ల నాయన కాలం నుంచీ నియమం.

బేరం లేని రోజుల్లో తూలుకుంటూ ఇంటికి తిరిగొచ్చేవారు. ఒళ్లంతా చెమటలు, వణుకు, పైగా ఊరికే కోపం. జబ్బు ముదురుతోందనుకున్నాను. ఒకరోజు నా కొంగు పట్టుకొని, "రోంత బెల్లం ఇయ్యి, కండ్లు తిరుగుతాండాయి" అన్నారు.

"ఈ జబ్బు పెట్టుకొని బెల్లం అడుగుతారా?" అని గదిమాను. ఆయన గడప మీదే ఒరిగిపోయారు.

డాక్టరు పరుగున వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించి లేపాడు. "సూది చక్కెరను దించుతుందమ్మా. పైన తిండి పడకపోతే మరీ దిగిపోతుంది. చెమటలు పడితే ముందు చక్కెర పెట్టు, తర్వాత అన్నం. అసలు సూది పడిన అరగంటకల్లా తినాలి" అన్నాడు. ఆయన అడిగిన బెల్లం ముక్క ఇవ్వనందుకు ఆ రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన జేబులో బెల్లం కట్టి పెట్టాను. నియమం మాత్రం వదలరే. "బోణీ గాకుండా తింటే లచ్చిమి అలుగుతాది" అన్నారు.

"మీరు పడిపోతే లచ్చిమొచ్చి మోస్తాదా?" అన్నాను.

మరునాడు సూది పడగానే ఆయన వెనకాలే నడిచాను. మా ఇళ్ల ఆడవాళ్లు అంగడి మెట్లెక్కేవాళ్లు కాదు. నేను ఎక్కి, "అణా జీలకర్ర ఇయ్యండి" అన్నాను. ఆయన నవ్వాపుకుంటూ తూచి, అణాను కళ్లకద్దుకొని, జొన్నరొట్టె విప్పారు. రోజూ అదే వరస. వాడకట్టంతా నవ్వింది, నవ్వనీ. ఆయన తూలడం తగ్గింది.

ఒకరోజు నాకు చలిజ్వరం. సూది వేయించుకొని ఆయన వెళ్లిపోయారు. కాసేపటికి గోడ పట్టుకొని లేచి, రెండడుగులేసి కూలబడ్డాను. అంతలో ఆయన గుమ్మంలోకి వచ్చారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే ముఖాన చెమట లేదు. ఖాళీ క్యారియరు నా ముందు పెట్టారు.

"బోణీ అయిందా?" అన్నాను.

"కాలే. తినేసినా. నువ్వు జరంతో లేసొస్తావని భయమేసినాది."

వాళ్ల నాయన నియమాన్ని ఆయన తప్పడం అదే మొదలు. నేను చాలాసేపు ఏడ్చాను.