మామయ్య మెడలో వేసిన టేపు

మా కుట్టు వర్క్‌షాపులో ఆమెకి "ఆగండక్క" అని పేరు. ఎదురుగా అక్కా అనే పిలిచేవాళ్ళు, వెనకాల మాత్రం ఆగండక్క. ఏం అడిగినా ఆమె నోట్లోంచి ముందు వచ్చే మాట అదే మరి. బట్ట నిలువుగా పరవాలా అడ్డంగా పరవాలా అంటే, "ఆగండి, ఒక్కసారి మామయ్యని అడిగొస్తాను." సుద్ద అయిపోయింది, కొత్తది తియ్యమంటారా అన్నా అదే మాట. ఒకసారి బాత్రూమ్‌లో కుళాయి పోయిందని చెప్పినా "ఆగండి" అందని ఎవరో పుట్టించారు. అది అబద్ధమే అయినా అందరూ నమ్మారు.

అక్కడ మిషన్లు బాగుచేసే పని నాది. రెండు వరసల కుట్టు మిషన్లు, వాటి చివర మనిషి నడుమెత్తున పొడవాటి కటింగ్ బల్ల. ఆసుపత్రులకి, ఫ్యాక్టరీలకి యూనిఫారాలు కుట్టేవాళ్ళం. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కటింగ్ బల్ల దగ్గర ఆ వీలు లేదు. యాభై పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, పైన అట్టముక్క పెట్టి, చుట్టూ గీత గీసి, మిషన్‌తో ఒక్కసారే కోసేస్తారు. అట్ట తప్పితే ఒక తప్పు కాదు, యాభై తప్పులు. ఆ అట్టలు కొలిచి గీసే మనిషే కటింగ్ మాస్టరు.

ముప్పై ఏళ్ళు ఆ కుర్చీ ఆమె మామయ్యది. అమ్మకి సొంత తమ్ముడు. పదిహేడేళ్ళప్పుడు ఆమె చేతికి కత్తెర ఇచ్చింది ఆయనే. ఎలా పట్టాలో, ఎక్కడ ఆగాలో, బట్ట జారుతుంటే అరచేత్తో ఎలా అదమాలో అన్నీ ఆయన నేర్పినవే. పిల్ల కూడా అంతే శ్రద్ధగా నేర్చుకుంది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆమె కోసిన అంచు మీద వేలు పెట్టి నడిపితే ఎక్కడా తట్టుకునేది కాదు. నేను పొగడ్తలు చెప్పే మనిషిని కాను. చూసిందే చెబుతున్నాను.

మూడేళ్ళ కిందట ఆయన చూపు మందగించింది. కుర్చీ మేనకోడలికి ఇమ్మని ఓనరుకి ఆయనే చెప్పాడు. ఆ రోజు అందరి ముందూ తన మెడలో టేపు తీసి ఆమె మెడలో వేశాడు. "ఇరవై ఏళ్ళు నా మెడలో ఉంది తల్లీ. ఇకమీదట దీని పరువు నీ చేతిలో ఉంది" అన్నాడు. ఆమె ఏడ్చేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

కుర్చీ ఇచ్చాడు, టేపు ఇచ్చాడు. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. కుర్చీ వెనక గోడకి గజం పొడుగు స్టీలు స్కేలు వేలాడుతుంటుంది. దాని అంచు దెబ్బతింటే అన్ని కొలతలూ చెడిపోతాయని, మాస్టరు తప్ప ఎవరూ ముట్టకూడదని మా దగ్గర పాత కట్టుబాటు. "దాన్ని అప్పుడే పట్టకు, చేయి కుదరనీ" అన్నాడు ఆయన. సరేనంది. పని మానేసిన మనిషి రోజూ పదింటికల్లా వచ్చి, ఆ స్కేలు దించి, ఆమె గీసిన అట్టల్లో కొన్ని కొలిచి దిద్ది, స్కేలు మళ్ళీ మేకుకి తగిలించి వెళ్ళేవాడు. ఆయన బల్ల దగ్గరికి వస్తే అందరూ లేచి నిలబడేవాళ్ళు.

మొదటి నెలలోనే తేడాలు మొదలయ్యాయి. కోటు పొడుగు పావు అంగుళం ఎక్కువ, ఛాతీ కూడా ఎక్కువే. చెకింగ్‌లో ఉండే కళ్ళద్దాలాయన తన టేపు పెట్టి చూపించేవాడు. ఆమె తన టేపు పెడితే సరిగ్గానే ఉండేది. ఏమిటిదని మామయ్యని అడిగింది.

"టేపు పట్టడానికీ చేయి ఉండాలమ్మడూ" అన్నాడు ఆయన. "నీది వదులు చేయి. బిగించి పట్టు."

బిగించి పట్టింది. తేడా ఇంకా పెరిగింది. అప్పుడు తనే ఒక ఉపాయం ఆలోచించింది. ఎలాగూ ఎక్కువ వస్తోంది కదా అని ప్రతి కొలతలోనూ పావు అంగుళం తగ్గించి గీసింది. ఈసారి పొడుగు ఇంకా కొంచెం ఎక్కువే వచ్చింది, కాని కాలర్లు, చేతి పట్టీలు బిగిసిపోయాయి. వంద చొక్కాలు తిరిగొచ్చాయి. పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా! మిషన్ల మీద వాళ్ళు నవ్వారు. "అక్క గీస్తే ఏనుగు తొండానికి ఎలక మూతి" అంది ఒకావిడ. ఆమె విననట్టే వంగి సుద్ద ఏరుకుంది.

అప్పట్నించే ఆమె ఆగండక్క అయింది. అట్ట మీద గీత పెట్టబోయి చెయ్యి గాల్లో ఆపేసేది. "గీత పెట్టేముందు లోపల ఎవరో అంటారన్నా, నీది వదులు చేయి అని. అచ్చం మామయ్య గొంతే" అని నాతో ఒకసారి చెప్పింది. నేను సూది బిగిస్తూ, "ఆ గొంతుని బయట నిలబెట్టు" అన్నాను. మాట అనడం తేలిక. నాకు అలాంటి గొంతు లేదు కనక అన్నాను.

ఆమె కింద నలుగురు కటింగ్ మనుషులు. మాస్టరుకే నమ్మకం లేకపోతే వాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది? పదింటిదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. తప్పు జరిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకునేవాళ్ళు, ఆమె ఎవరినీ ఏమీ అనలేకపోయేది. "నా చేతే కుదరడం లేదు, వాళ్ళనేం అంటాను?" అనేది.

మూడో ఏడు చివర ఓ పెద్ద ఆసుపత్రి నుంచి మోకాళ్ళ దాకా ఉండే పొడుగు కోట్లు మూడు వందలకి ఆర్డరు వచ్చింది. సరిగ్గా అప్పుడే మామయ్య బంధువుల పెళ్ళికని వారం రోజులు ఊరెళ్ళాడు. ఆమె ఓనరు దగ్గరికి వెళ్ళి, ఆయన వచ్చేదాకా గడువు అడగమంది.

ఓనరు లెక్క తప్పని మనిషి. "గడువు లేదమ్మా. అట్టలు నువ్వే గియ్యి. ఒక్క మాట చెబుతా, మనసులో పెట్టుకోకు. ఈసారి కూడా తిరిగొస్తే మీ మామయ్యనే మళ్ళీ కూర్చోబెడతాను. నువ్వు కత్తెర దగ్గరికి వెళ్ళిపో. ఆయన కూడా అదే మంచిదన్నాడు."

"ఎప్పుడన్నారు?"

"పోయిన నెలలో. పాపం, నీ గురించి బాధపడ్డాడు."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. తనకి చేత కాదనే అనుకుంది. ఆ అట్టలు గీయడానికి తన చెయ్యి వద్దనుకుంది. ఆర్నెల్ల కిందట వేరే వర్క్‌షాపు నుంచి వచ్చిన పొడుగావిణ్ణి పిలిచింది. ఆవిడ పదేళ్ళు అట్టలు గీసి చేయి తిరిగిన మనిషి. కాని మా దగ్గర ఎవరూ ఆవిణ్ణి అడగలేదు.

"నువ్వు గియ్యవే. నా వల్ల కాదు."

"అదేంటక్కా, మాస్టరు మీరైతే?"

"గియ్యమన్నానా!"

పొడుగావిడ టేపు ఆ రోజు ఇంట్లో మర్చిపోయింది. అక్క మెళ్ళోది తీసుకుని చకచకా ఒక కోటు వెనక భాగం గీసి, అట్ట కోసి, చెకింగ్‌కి తీసుకెళ్ళింది. కళ్ళద్దాలాయన కొలిచి నవ్వాడు. "ఇదీ అర అంగుళం ఎక్కువే. ఈ బల్ల గాలే అంత."

పొడుగావిడ మొహం ఎర్రబడింది. "నా చేత్తో ఇప్పటిదాకా దారం మందం తేడా రాలేదు" అంది.

నేను అక్కడే ఒక మిషను విప్పి కూర్చున్నాను. అక్క మొహం చూశాను. ఇద్దరి చేతులు, ఒకే అర అంగుళం. ఆమె గబగబా కుర్చీ వెనక్కి వెళ్ళి, గోడ మీది స్టీలు స్కేలు దించింది. మూడేళ్ళలో మొదటిసారి. ఎక్కడ పడేస్తుందో అని నేను లేచాను కూడా. బల్ల మీద స్కేలు పెట్టి, పక్కన టేపు లాగకుండా పరిచింది. స్కేలు మీద ముప్పయ్యారు దగ్గర టేపు మీద ముప్పయ్యైదున్నరే ఉంది.

టేపు సాగిపోయింది. గుడ్డ టేపు ఏళ్ళ తరబడి లాగితే సాగుతుంది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసే విషయం. పొడుగు కొలతలో ఎక్కువ తప్పు, చిన్న కొలతలో తక్కువ తప్పు. బిగించి పట్టమంటే ఇంకాస్త సాగింది. పావు అంగుళం తగ్గిస్తే కాలరు బిగిసింది. మూడేళ్ళ తప్పులన్నీ ఆ బల్ల మీద వరసగా కూర్చున్నట్టు అనిపించింది నాకు. పనిముట్టు చూడకుండా చేతిని తిట్టుకున్న మనిషిని నా వృత్తిలో నేను క్షమించను. కాని ఆ పనిముట్టు ఎవరు ఇచ్చారో కూడా చూడాలి కదా.

"మామయ్యకి తెలియదేమో" అంది ఆమె. ముందు ఆ మాటే అంది.

నలుగురినీ పిలిచింది. "మూడేళ్ళుగా తప్పుడు టేపుతో గీశాను. కొలిచి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. అది నా తప్పు, మీది కాదు" అంది. తరవాత స్కేలు పెట్టి అట్టలన్నీ మళ్ళీ గీసింది. పొడుగావిడ పక్కన నిలబడి కొలతలు చదివితే ఈమె గీసింది. ఒక్కసారి కూడా ఆగండి అనలేదు. మధ్యలో ఒకచోట చేయి గాల్లో ఆగింది. కళ్ళు మూసుకుని, "ఏదీ, కొలత చెప్పు" అని ఆ లోపలి గొంతుతో అన్నట్టు పైకే అని, స్కేలు వంక చూసి గీత పెట్టింది. మూడు వందల కోట్లూ వెళ్ళాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మామయ్య ఎప్పట్లాగే పదింటికి వచ్చాడు. స్కేలు కోసం గోడ వైపు చెయ్యి చాచాడు. మేకు ఖాళీ. స్కేలు బల్ల మీద ఉంది, పక్కనే టేపు పరిచి ఉంది. ఆయన చూశాడు. చూపు మందగించిన మనిషికి అది బాగానే కనిపించింది.

"నీకు తెలుసా మామయ్యా?" అంది.

"ఏంటి తల్లీ?"

"నాకు ఇచ్చినప్పుడే ఇది సాగిందని."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "అప్పుడు కాస్తే సాగింది" అన్నాడు. "అందుకే నేను అప్పటికే కొత్తది కొనుక్కున్నా. పాతది నీకు గుర్తుగా ఉంటుందని మెళ్ళో వేశా. రెండ్రోజుల్లో చెబుదామనే అనుకున్నా."

"మరి?"

"నువ్వు వచ్చి అడిగావు. ఏం చెయ్యమంటావు మామయ్యా అని. ముప్పై ఏళ్ళు అందరూ అడిగిన మనిషిని, ఇంట్లో కూర్చుంటే ఎవరు అడుగుతారే? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. అలా అయిపోయింది."

"వదులు చేయి అన్నావు."

ఆయన టేపు అందుకుని వేలికి చుట్టుకోసాగాడు.

"నా చేతికి వంక పెట్టావు మామయ్యా. నీ చేత్తో నేర్పిన చేతికి!"

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆయన లేచి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎవరూ లేచి నిలబడలేదు.

తరవాత బల్ల దగ్గర చాలా మారింది. వారానికొకసారి అందరి టేపులూ స్కేలు పక్కన పెట్టి చూస్తారు. స్కేలు ఎవరైనా తీసుకోవచ్చు, అంచు జాగ్రత్త అంతే. తప్పు వస్తే ముందు పనిముట్టు చూడాలి, తరవాత చేతిని, ఆ తరవాతే మనిషిని. ఎవరైనా "అక్కా, ఒక్కసారి మీరు చూడండి" అని వస్తే, "ముందు నువ్వు కొలిచి చూడు. నువ్వు చెప్పాక నేను చూస్తా" అంటుంది. పొడుగావిణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుంది, కుర్చీకి పోటీ వస్తుందేమోనన్న భయం లేకుండా. అంత పెద్ద మనసు మాస్టర్లలో నేను తక్కువ చూశాను.

కాని ఆమె నవ్వు మునుపటిది కాదు. ఒకసారి నాతో అంది: "అన్నా, ఇప్పుడు వెనక్కి చూస్తే తెలియడం లేదు. ఆ మూడేళ్ళలో ఏ తప్పు టేపుది, ఏ తప్పు నిజంగా నాది? కొన్ని నావి కూడా ఉండే ఉంటాయి కదా. అవి ఏవో తెలిస్తే దిద్దుకునేదాన్ని. అది కూడా లేకుండా చేశాడు."

రెండు నెలల తరవాత వాళ్ళమ్మ మిషను పట్టీ తెగిందంటే ఇంటికి వెళ్ళాను. నేను కింద కూర్చుని పట్టీ వేస్తుంటే మామయ్య వచ్చాడు. వాళ్ళమ్మే పిలిపించినట్టుంది. అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏదో అయిపోయిందే" అంది వాళ్ళమ్మ. "పెద్దవాడు. నా తోడబుట్టినవాడు. కడుపులో పెట్టుకో."

"మూడేళ్ళు పెట్టుకున్నానమ్మా. అక్కడ ఇక చోటు లేదు."

"ఇంకా కోపమేనా తల్లీ?" అన్నాడు ఆయన.

"కోపమైతే ఈపాటికి పోయేది."

ఆయన నీళ్ళు తాగాడు. "కోట్లు బాగా కుదిరాయని ఓనరు చెప్పాడు. నా మేనకోడలే కదా అని గర్వపడ్డా."

ఆమె ఆయన వంక నిదానంగా చూసింది. "ఆ మాట మొదటి ఏడు అనాల్సింది మామయ్యా. నువ్వు ఒక్కసారి బాగుంది అంటే చాలని రోజూ పదింటిదాకా కాచుకునేదాన్ని."

"ఇప్పుడు అంటున్నాగా."

"ఇప్పుడు నాకు అక్కర్లేదు."

ఆ మాట ఆమె గొంతు పెంచకుండానే అంది. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన గ్లాసు కింద పెట్టి, చెప్పుల కోసం గుమ్మంలో తడుముకున్నాడు. ఒక చెప్పు దొరికింది, రెండోది దొరకలేదు. ఆమె వంగి దాన్ని ఆయన కాలి దగ్గరికి జరిపి, లోపలికి వెళ్ళిపోయింది.