బంగారు కారూ, బోడి కారూ

ఎండకి కాలిన బానెట్టు మీద నీళ్ళు చల్లిన బంతిపూల దండ వేస్తే ఒక వాసన వస్తుంది. పూలదీ కాదు, ఇనుముదీ కాదు. మొన్న మా షెడ్డులో పెళ్ళికి బండి ముస్తాబు చేస్తుంటే ఆ వాసన తగిలింది. చేతిలో దారం అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మాణిక్యమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ గురించి రాయమని మా అమ్మాయి ఎప్పట్నుంచో అంటోంది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. స్టీరింగు తిరిగినంత తేలిగ్గా పెన్ను తిరగడం లేదు. అయినా ఆవిణ్ణి చూడనివాళ్ళకి ఎలాంటి మనిషో తెలియాలని మొదలుపెట్టాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాణిక్యమ్మగారిది అంబాజీపేట. వాళ్ళాయన కొబ్బరి వ్యాపారం చేసేవారట. మద్రాసులో ఎవరో దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ అమ్మేసిన అమెరికా కార్లు రెండు మోజుపడి కొన్నారు. కొన్న కొన్నాళ్ళకే పోయారు. కార్లు అమ్మెయ్యమని చుట్టాలంతా అన్నారు. ఆవిడ అమ్మలేదు, పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పారు. డెబ్బైల్లో నేను ఆవిడ దగ్గర డ్రైవరుగా చేరేటప్పటికి మా పెద్దాడు పాకుతున్నాడు. ముతక నేత చీర, చేతిలో తాటాకు విసనకర్ర, షెడ్డు గుమ్మంలో చిన్న పీట. ఆ పీట మీద కూర్చునే బేరాలన్నీ చేసేవారు. కుర్చీ ఉండేది గానీ అది వచ్చినవాళ్ళకి.

రెండూ షెవర్లే కార్లే. ఒకే ఏడాదివి. ఒకటే మొహం, చేప రెక్కల్లాంటి తోకలూ ఒకటే, రెంటికీ స్టీరింగు ఎడమ వైపే. ఒకదానికి ముందు జాలీ బంగారు రంగు, పక్కన రాసిన పేరు బంగారు రంగు, వెనక రెక్కల మీద తళతళలాడే వెండి రేకు. అది బెల్ ఎయిర్. రెండోదానికి ఆ హంగు లేదు. దాని పేరు టూ టెన్ అయినా ఆ మాట బండి మీద ఎక్కడా ఉండదు, ఉత్తి షెవర్లే అనే ఉంటుంది. అందుకని ఊళ్ళో జనం ఒకదాన్ని బంగారు కారనీ, రెండోదాన్ని బోడి కారనీ అనేవారు. నేనూ అలాగే అనేవాణ్ణి. చేరిన రోజునే ఆవిడ అడిగారు.

"సత్తిబాబూ, ఈ రెండిట్లో ఏది గొప్పది?"

"బంగారందేనండి."

"ఏం?"

"మెరుస్తాంది గదండి."

"మా వంటింట్లో ఇత్తడి బిందె కూడా మెరుస్తాదిరా. రేపు పెళ్ళికి దాన్ని తోలుకెళ్ళు."

తరవాత నన్ను రెండు బళ్ళ చుట్టూ తిప్పారు. బెల్ ఎయిర్ అన్నది పై తరగతి పేరు. దానికింద టూ టెన్. ఆ కింద వన్ ఫిఫ్టీ అని ఇంకోటి ఉంటుందట, అది మా దగ్గర లేదు. తరగతిని బట్టి మెరుగులూ, సీటు గుడ్డా, కాళ్ళ కింద తివాచీ మారతాయి. తలుపుల మధ్య స్తంభం ఉందా లేదా అన్నది వేరే లెక్క. మా బెల్ ఎయిర్‌కి ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య పైకప్పు దాకా ఇనప స్తంభం ఉంది. టూ టెన్‌కి లేదు. నాలుగద్దాలూ దించితే ఈ పక్క నుంచి ఆ పక్కకి పందిరిలాగా ఖాళీ. "ఫస్టు క్లాసు టిక్కెట్టు కొన్నావనుకో, కిటికీ పక్కనే సీటొస్తాదని రాసుందా? ఇదీ అంతే" అన్నారు. నాకు అప్పటికి ఫస్టు క్లాసూ తెలీదు, కిటికీ సీటూ తెలీదు. ఆయ్ అన్నాను.

అలాగని టూ టెన్‌ని నెత్తిన పెట్టుకునేవారూ కాదు. స్తంభం లేదు గనక అద్దానికి అద్దం కలిసే చోట వాన నీళ్ళు కారేవి. శ్రావణంలో ఎవరైనా దాన్నడిగితే "పట్టుచీర తడుస్తాదండి, బెల్ ఎయిర్ తీసుకెళ్ళండి" అని తనే చెప్పేసేవారు. బేరానికొచ్చినవాళ్ళని ఏ కారు కావాలని ముందు అడిగేవారు కాదు. ఊరేగింపు ఏ వీధుల్లో తిరుగుతుంది, ఎవరెక్కడ నుంచుని చూస్తారు, అది ముందు చెప్పించుకునేవారు.

ఒక వేసవిలో మలికిపురం దగ్గర ఊరి నుంచి వీర్రాజుగారని ఒకాయన వచ్చారు. కూతురి పెళ్ళి. మగపెళ్ళివారు బంగారు కారులోనే ఊరేగింపు జరగాలన్నారట. ఆవిడ వీధుల సంగతి అడిగితే ఆయన గొంతు తగ్గిపోయింది. వాళ్ళమ్మ పడిపోయి తుంటి విరిగి, తమ్ముడింట్లో అరుగు మీద మంచాన ఉంది. కదపకూడదన్నారు డాక్టర్లు. తల కూడా ఒక పక్కకే తిప్పగలదు. తల్లి లేని పిల్లని పెంచింది ఆ మామ్మే. "మామ్మ చూడకపోతే నాకీ ఊరేగింపే వద్దంటందండి పిల్ల. అందుకే కారు ఆ వీధిలోకి తెమ్మంటన్నాను" అన్నారు. ఆ ఇంటి ముందు బోదె ఉంది, దాని మీద కారు పట్టే వంతెన లేదు. బోదెకి ఇవతలే ఆగాలి. మామ్మ అరుగు మీంచి ఏటవాలుగా చూడాలి.

మాణిక్యమ్మగారు లేచి వీర్రాజుగారిని బెల్ ఎయిర్ వెనక సీట్లో కూర్చోబెట్టారు. పీట తీసుకెళ్ళి, ముందు చక్రానికి అల్లంత దూరంలో ఏటవాలుగా వేసుకుని, తల ఒక పక్కకి వాల్చి చూశారు.

"కనపట్టం లేదండి."

"నేను కనపట్టం లేదా అక్కగారూ?"

"మోకాళ్ళు కనపడతన్నాయి. మొహానికి స్తంభం అడ్డొచ్చింది."

తరవాత టూ టెన్‌లో కూర్చోబెట్టి అద్దాలన్నీ దించమన్నారు. మళ్ళీ పీట. "ఇప్పుడు బావున్నారు. మీసానికి రంగేసేరు గదూ, అదీ కనపడతంది."

వీర్రాజుగారు నవ్వలేకా, మానలేకా దిగారు. బోడి కారు తీసుకెళితే వియ్యంకుడు పిల్లని ఇక్కడే వదిలేసి పోతాడేమోనని ఆయన భయం. అది ఉత్తి భయం కాదు, ఆ రోజుల్లో అంతకన్నా చిన్నవాటికే పెళ్ళిళ్ళు చెడేవి. "పోనీ దాని పేరు పీకి దీనికి బిగిస్తే?" అన్నారు. నాకూ అదే తోచింది. స్క్రూ డ్రైవరు పని, అంతే గదా.

"ఆ పేరు తగిలించుకుంటే ఆ బండే రావాలి, ఇది కాదు" అన్నారావిడ. "మీ వియ్యంకుడుగారితో నేను మాట్లాడతాను. నేనూ వస్తన్నాను బండితో."

పెళ్ళి ముందురోజు బోడసకుర్రు రేవులో కారుని పంటు బల్లకట్టు మీదకి ఎక్కించాను. అవతలి ఒడ్డుకి చేరేదాకా పని లేదు గనక ఇంజను ఆపి దిగాను. వీర్రాజుగారి బావమరిది మాకు దారి చూపించడానికి వచ్చాడు. పంటు నడిగోదావరిలోకి వచ్చాక సంచీలోంచి డబ్బా తీశాడు. రథాలకి వేసే బంగారు రంగు. బ్రష్షు కూడా తెచ్చుకున్నాడు.

"అమ్మగారూ, ఈ జాలీకి ఒక్క పూత. రేవు దాటేలోపల ఆరిపోద్దండి."

"మూత పెట్టు బాబూ. గాలికి నీ మొహమే బంగారమైపోతాది."

పంటు మీద కొబ్బరికాయల బస్తాల పక్కనున్నవాళ్ళందరూ నవ్వారు. అతను మాత్రం డబ్బా పారెయ్యలేదు, ఊరు చేరేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ముహూర్తం అయ్యింది. ఊరేగింపుకి కారు పందిట్లోకి తెచ్చాను. పెళ్ళికొడుకు తండ్రి చూడగానే కండువా దులిపారు. "ఇదేంటి? బంగారు కారు కాదే ఇది?" మేళం ఆగింది. వీర్రాజుగారి మొహం చూడలేకపోయాను. మామ్మ సంగతి ఆయన చెప్పుకోబోతే మాణిక్యమ్మగారు చెయ్యి అడ్డం పెట్టి ముందుకొచ్చారు.

"కాదండి. దీని పేరు టూ టెన్. దానికన్నా ఒక తరగతి తక్కువదేనండి. మీరు మెరుగు కావాలన్నారు, అది దీనికి లేదు. సత్తిబాబూ, అద్దాలు దించు."

నాలుగూ దించాను. ఆవిడ పెద్దాయన్ని కారు పక్కన నిలబెట్టారు.

"అవతలెవరు కనపడతన్నారో చెప్పండి."

"సన్నాయాయన."

"ఇంకా?"

"డోలాయన. మా చెల్లెలు… దాని మెళ్ళో కాసులపేరు." ఆయన వంగి మళ్ళీ చూశారు. "మధ్యన ఏమీ లేదే!"

"అదేనండి ఇందులో ఉన్నది. దాంట్లో కూర్చోబెడితే ఊరు కారుని చూస్తాది. దీంట్లో కూర్చోబెడితే మీ అబ్బాయిని చూస్తాది. ఆ వీధి చివర మంచాన ఓ పెద్దావిడ ఉంది, ఆవిడా చూస్తాది. మీకు వద్దంటే బండి వెనక్కి తోలుకెళ్ళిపోతాం. అబద్ధం చెప్పి మాత్రం ఎక్కించను."

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. చివరికి కండువా భుజాన వేసుకుని మేళం వైపు తిరిగి, "ఏంటయ్యా నుంచున్నారు, వాయించండి!" అన్నారు.

బోదె దగ్గర బండి ఆపాను. పెళ్ళికూతురు సీటు అంచుకి జరిగి అరుగు వైపు చూసింది. మంచం మీద ముసలావిడ తల ఎటున్నది అటే ఉంది. కళ్ళు మాత్రం కదిలాయి. పిల్ల "మామ్మా!" అంది. ఆవిడ పెదాలు ఆడించింది. ఏమందోనని, అప్పటికే అరుగెక్కిన వీర్రాజుగారు చెవి దగ్గర పెట్టి విని, గట్టిగా చెప్పారు. "పిల్లోడు కాస్త నలుపేనంట! కళ గలాడేనంట!" మగపెళ్ళివారితో సహా అందరూ నవ్వారు. పిల్ల నవ్వుతూనే ఏడ్చేసింది. అన్నిటికన్నా గట్టిగా నవ్వింది ఆ పెళ్ళికొడుకు తండ్రే. నేను ఇంజను ఆపేశాను. పొమ్మని మాణిక్యమ్మగారు ఎంతకీ చెప్పలేదు.

ఆ తరవాత మలికిపురం, రాజోలు వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ టూ టెనే కావాలనేవారు, వానల్లో కూడా. అది కారుతుందని చెప్పి వాళ్ళని తిప్పి పంపడం ఆవిడకి ఇంకో పనయ్యింది. ఎనభైల్లో విడి సామాను దొరక్క రెండు కార్లూ అమ్మేశారు. కొన్నతను బోడి కారు కూడా బెల్ ఎయిరేనా అనడిగితే "కాదండి" అన్నారు. ఆ మాటతో బేరం తగ్గింది. ఆవిడ విసనకర్ర ఊపడం ఆపలేదు. ఆవిడ పోయాక నాకేం కావాలని వాళ్ళబ్బాయి అడిగితే పీట అడిగి తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాకూ రెండు బళ్ళున్నాయి. వచ్చినవాళ్ళు ముందు అడిగేది "టాప్ మోడలేనా అండి?" అనే. నేను వీధులు అడుగుతాను. మొన్న బంతిపూల దండ కట్టిన రోజే ఒకాయన తన పెళ్ళి ఊరేగింపుకి బండి కావాలని వచ్చాడు. వాళ్ళ నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారట, గేటు దగ్గర నుంచి చూస్తారట. వచ్చినాయన్ని నా బండి వెనక సీట్లో కూర్చోబెట్టి, పీట వేసుకుని, తల కాస్త వాల్చి చూశాను. నల్లద్దం, పక్కన స్తంభం.

"కనపట్టం లేదండి" అన్నాను.

"దానికేముందండీ, కారు బావుంది గదా?"

"కారు బావుందండి. మీ నాన్నగారికి మీరు కనపట్టం లేదు."

ఆయన లోపల్నుంచే తల వంచి నా పీట వైపు చూశాడు. తరవాత దిగి, పై కప్పు లేని జీపు ఎవరి దగ్గరుందని అడిగాడు. నా దగ్గర లేదు. ఉన్నవాళ్ళ ఇల్లు చూపించి, పీట లోపల పెట్టుకున్నాను.