అరవై క్యాసెట్టు, తొంభై క్యాసెట్టు

ఒక పాట చివర ఏమవుతుందన్న విషయం మీద నేను రెండేళ్ళు కొట్లాడాను. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటానని ఊరి నుంచి వచ్చి అశోక్ నగర్‌లో గది తీసుకున్నవాడికి ఇంతకంటే పనికిమాలిన పని ఉండదు. మా అన్న అంబర్‌పేటలో ఉంటూ, సెంట్రింగ్ పనికి పోతూ నాకు కోచింగ్ ఫీజు కట్టేవాడు. ఇంగ్లిష్ వార్తలు వింటే ఇంటర్వ్యూలో పనికొస్తుందని ఎవరో చెప్పగా నమ్మి, టేపురికార్డరూ రేడియో కలిసి ఉండే టూ-ఇన్-వన్ కూడా కొనిచ్చాడు. నేను దాంట్లో వార్తలు విన్నది తక్కువ.

ఆ పాట నాకు తగిలింది నారాయణగూడలో ఒక రికార్డింగ్ షాపులో. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, ఏం కావాలో చీటీ మీద రాసిస్తే షాపాయన తన దగ్గరున్న రికార్డుల నుంచి ఎక్కించి మూడు రోజులకు ఇచ్చేవాడు. అక్క పెళ్ళిలో వేయడానికి సినిమా పాటలు ఎక్కించుకుందామని వెళ్ళాను. లోపల స్పీకర్లో ఏదో నడుస్తోంది. పాటంటే పల్లవి, రెండు చరణాలు, అయిపోయింది అనుకునేవాణ్ణి. ఇది పది నిమిషాలైనా అయిపోవడం లేదు. డ్రమ్ములు లెక్క తప్పినట్టు ఎటో పోయి, తప్పలేదని చెప్పడానికే అన్నట్టు మళ్ళీ వచ్చి కలుస్తున్నాయి. నేను చీటీ రాయడం మానేసి నిలబడిపోయాను.

పక్కన ఆఫీసు సంచి చంకన పెట్టుకుని నిలబడ్డ ఒకాయన నన్ను చూసి నవ్వాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో.

"ఏం తమ్మీ, మంచిగుందా?"

"మంచిగనే ఉంది గని, ఏందన్నా ఇది, అయిపోతలేదు?"

"అయిపోదు. అదే దీని మజా."

ఆయన చిక్కడపల్లిలో ఉంటాడు, సర్కారు ఆఫీసులో క్లర్కు. మా సొంత అన్నతో కలగాపులగం కాకుండా మనసులో ఆయనకు క్లర్కన్న అని పేరు పెట్టుకున్నాను. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని, ఇంగ్లండు వాళ్ళు నేను చెడ్డీలేసుకునే రోజుల్లో చేసిన ఆల్బమని, రికార్డు రెండో వైపంతా ఒకటే పాటని ఆయనే చెప్పాడు. నాది తెలుగు మీడియం. ఆ గొంతులో ఒక్క ముక్క అర్థం కాలేదు. షాపు మెట్ల మీద నిలబడే ఆ పాట కథ చెప్పాడు. యుద్ధానికి పోయినవాడు ఏళ్ళ తరబడి దారి వెతుక్కుంటూ ఇంటికొస్తాడు. చివరికి తన ఇంటి తలుపు ముందుకొచ్చి చెయ్యెత్తుతాడు.

"తర్వాత?"

"తర్వాతది నువ్వే విను. అంతా నేనే చెప్తే నీకేం మిగుల్తది?"

అక్క పాటలతో పాటు ఆ ఆల్బమ్ కూడా రాసిచ్చాను. దానికి వేరే అరవై నిమిషాల క్యాసెట్టు ఇచ్చాను, అది చవక కాబట్టి. క్లర్కన్న ఎప్పుడూ తొంభై నిమిషాలదే కొనేవాడు. "జర జాగ ఎక్కువుండాలె తమ్మీ, ఇరుకిరుకు నాకు పడదు" అనేవాడు.

షాపాయనకొక అలవాటుండేది. ఏ క్యాసెట్టు ఎక్కించినా, రెండు వైపులా మొదట రెండు నిమిషాలు నాదస్వరం వేసేవాడు. గజళ్ళైనా అంతే, రాక్ అయినా అంతే. ఎందుకని అడిగితే "శుభమైతది, తీసుకపో" అనేవాడు. అక్క పెళ్ళి క్యాసెట్టుకైతే మా అమ్మ ఆయన్ని తెగ మెచ్చుకుంది. క్లర్కన్నా, నేనూ మాత్రం ఆ రెండు నిమిషాలు ముందుకు తిప్పేసి, అసలు సంగీతం దగ్గర్నుంచి వినేవాళ్ళం.

నెల తిరిగేసరికి క్లర్కన్న నన్ను ఆదివారం బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక ఇరానీ హోటల్, ఉదయం పది గంటలు, నలుగురం. క్లర్కన్న, నేను, ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, పత్రికలో ప్రూఫులు దిద్దే ఒకాయన. అందరివీ ఆ షాపు క్యాసెట్లే. హోటల్లో టేపురికార్డరు లేదు కాబట్టి విన్నదంతా ఇళ్ళలో వినడం, కొట్లాడేది ఇక్కడ కొట్లాడటం. క్యాసెట్లు ఒకరిదొకరికి ఇచ్చుకోవడం అసలు లేదు. ఇంకొకరి మిషన్లో పెడితే టేపు నలిగిపోతుందని అందరికీ భయం. పుస్తకమైనా ఇస్తాం గానీ క్యాసెట్టు ఇయ్యం అని ప్రూఫులాయన బల్ల మీద చెయ్యేసి చెప్పేవాడు.

మొదటి మూడు వారాలు నేను నోరు తెరవలేదు. వాళ్ళు వాయిద్యాల పేర్లు చెప్పుకుంటుంటే బిస్కెట్టు చాయలో ముంచుకుంటూ కూర్చున్నాను. నాలుగో వారం మాట ఆ పెద్ద పాట చివరి మీదికొచ్చింది. క్లర్కన్న అన్నాడు, "ఎంత తిప్పలు పెట్టినా చివరికి కడుపు చల్లగ చేస్తడు." ప్రూఫులాయన తల ఊపాడు.

నాకు ఒళ్ళు మండింది. కడుపు చల్లగా చేయడమేమిటి? నేను విన్నదాంట్లో వాడు తలుపు మీద ఒక దెబ్బ కొడతాడు. డ్రమ్ము మీద ఒకటే దెబ్బ. అంతే, టక్కున ఆగిపోతుంది. లోపల ఎవరున్నారో తెలియదు. ఉన్నారో లేరో కూడా తెలియదు. మొదటిసారి విన్నప్పుడు గదిలో లేచి నిలబడ్డాను.

అదే చెప్పాను. "అన్నా, తలుపు తీయరు. గందుకే పాటను ఆడ తెంపిండు. కొట్టెటోడు కొట్టుకుంట నిలవడాలె, అంతే. అశోక్ నగర్‌ల మేమంతా చేస్తున్నది గదే కదా? నోటిఫికేషన్ వస్తదని తలుపుకాడ నిలవడ్డం. తీసెటోడు లేడు."

ఇంజనీరింగ్ కుర్రాడు "అరే వా" అన్నాడు. తనకూ అలాగే అనిపించిందట, చెప్పడానికే రాలేదట. ప్రూఫులాయన కూడా "పాయింటే" అని మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు నుంచి నాకా బల్ల దగ్గర ఒక స్థానం వచ్చింది. ఇంగ్లిష్ రాకపోయినా చెవి ఉన్నవాడినన్న పేరు. ఊళ్ళో గానీ, కోచింగ్ సెంటర్లో గానీ, ఇంకెక్కడా నాకు అలాంటి పేరు లేదు. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

క్లర్కన్న ఒప్పుకోలేదు. "లేదు తమ్మీ, తీస్తరు. ఆర్గన్ వినలేదా?" అనేవాడు. హార్మోనియం లాంటి ఆ ఆర్గన్ మోత పాట నిండా ఉంది, వినకేం? అది ఆయన ఆశ, పాటలో లేదు అనుకున్నాను. ఆయనేమో నాది చిన్నవయసు వేడి అనుకున్నాడు. ఇలా రెండేళ్ళు. ఎవరైనా ఒక్కసారి "నీ క్యాసెట్టుల చివరికి ఏమొస్తది, జర వరుసగ చెప్పు" అని అడిగి ఉంటే ఒక చాయ తాగేలోపు తేలిపోయేది. ఎవరూ అడగలేదు. అందరికీ అర్థం చెప్పడమే కావాలి.

ఈలోగా పరీక్ష ఒకటి రాశాను, పోయింది. ఆ ఫలితం వచ్చిన వారం ఆదివారం నేను వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. క్లర్కన్న నన్ను ఊరడించబోయి, నవ్వుతూ, "ఆగు తమ్మీ, తలుపు తీస్తరు" అన్నాడు.

నేను అన్న మాట ఇది. "మీకు తీసే పెట్టిన్రు కదన్నా. మీ నాయిన పోంగనే మీకు కొలువిచ్చిన్రు. మీకేం తెలుస్తది?"

ఆయన తండ్రి అదే ఆఫీసులో పనిచేస్తూ పోయాడు. ఆ ఉద్యోగమే ఈయనకిచ్చారు. ఆ సంగతి ఎప్పుడో నన్ను నమ్మి, నాకొక్కడికే చెప్పాడు. అది తెలిసే అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, సంచి తీసుకుని, "వస్త" అని లేచాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మూడు నెలలు ఆ కుర్చీలో ఎవరో ఒకరు కొత్తవాళ్ళు కూర్చునేవాళ్ళు. నేను నా సిద్ధాంతం వాళ్ళకు చెప్పేవాణ్ణి. చెబుతున్నప్పుడు వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు గానీ, నాకు నోట్లో చేదుగా ఉండేది. చిక్కడపల్లి అశోక్ నగర్‌కు నడిచివెళ్ళేంత దూరం. నడవలేదు. తప్పు నాదని తెలుసు, అయినా పాట విషయంలో నేనే కరెక్టు కదా అన్న పొగరు కాళ్ళకడ్డం పడింది.

అప్పుడే ఆ పాట ఉన్న నా టేపు మిషన్లో చుట్టుకుపోయింది. పెన్సిలు పెట్టి ఎంత తిప్పినా లాభం లేకపోయింది. షాపుకెళితే ఆ రోజు అరవైవి లేవు. విసుక్కుంటూ తొంభై క్యాసెట్టు కొని అదే ఆల్బమ్ ఎక్కించమన్నాను.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం గదిలో పెట్టాను. నాదస్వరం తిప్పేశాను. పాట మొత్తం నడిచింది. తలుపు మీద దెబ్బ పడింది. ఆ తర్వాత మిషన్ టక్కుమనే చప్పుడు కోసం చెవి దానంతటదే ఎదురుచూసింది. రాలేదు. ఇంకో దెబ్బ పడింది. గడియ తీసిన చప్పుడు. అప్పుడు ఆర్గన్ వచ్చింది, అంతకుముందు ఎన్నడూ రానంత మెల్లగా. ఒక ముసలామె గొంతు పాడకుండా మామూలుగా ఒక చిన్న మాట అంది. నా ఇంగ్లిష్‌కు కూడా అర్థమైంది. అన్నం తిన్నావా లాంటి మాటే. నిమిషంన్నర నడిచి పాట అయిపోయింది.

మళ్ళీ పెట్టాను. మూడోసారి పెట్టినప్పుడు నాదస్వరం తిప్పేయకుండా గడియారం చూసుకుంటూ విన్నాను. రికార్డు రెండో వైపు ముప్పై నిమిషాలకు కాస్త తక్కువ. దానికి ముందు షాపాయన శుభం రెండు నిమిషాలు. అరవై క్యాసెట్టులో ఒక వైపు పట్టేది ముప్పై నిమిషాలే. అదీ సంగతి. మొదటి వైపు చిన్నది కాబట్టి అక్కడ ఎప్పుడూ అనుమానం రాలేదు. రెండేళ్ళు నేను చెప్పిన తత్త్వమంతా టేపు అయిపోయిన చోటు గురించి. క్లర్కన్న రెండేళ్ళూ విన్నదే చెప్పాడు. నేను ఆయన్ని ఏమన్నానో గుర్తొచ్చి మొహం కడుక్కుని బయల్దేరాను.

చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు ఆయనది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, నా అవతారం నాకే కనపడి, సిగ్గేసింది. కొట్టాను. ఆయనే తీశాడు. లుంగీ మీదున్నాడు.

"రా తమ్మీ, బయట నిలవడ్డవేంది?"

లోపల వాళ్ళమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. టేపు చుట్టుకుపోవడం, తొంభై, గడియ చప్పుడు, నాదస్వరం. "మీరన్నదే నిజం అన్నా. మీ నాయిన మాట తెచ్చినందుకు మాఫ్ చేయండి" అన్నాను.

ఆయన అలమరా తెరిచి ఒక క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. అదే ఆల్బమ్ పేరు, షాపాయన చేతిరాత. అరవై నిమిషాలది.

"లొల్లి అయిన వారమే పోయి ఎక్కించుకున్న" అన్నాడు. "నువ్వు కావాలని వంకరగ మాట్లాడెటోనివి కాదు. మరి నీకు అట్ల ఎందుకు వినవడ్తున్నదో చూద్దామని. నువ్వు అరవై ఇచ్చింది నాకు యాదికుండె. వింటే, నువ్వు చెప్పిందే కరెక్టు. దీంట్ల తలుపు తీయరు. నాకే గుండెల దడ వుట్టింది."

"మూడు నెల్ల సంది తెలుసా మీకు? ఒక్క మాట చెప్పొద్దా అన్నా?"

"ఏడ చెప్పాలె? బల్ల కాడనా? నలుగుట్ల నీ మాట పోతది కదా." క్యాసెట్టు నా చేతిలోంచి తీసుకుంటూ అన్నాడు. "పరీక్ష పోయినోని తానకెళ్ళి అది కూడ గుంజుకుంటనా?"

వాళ్ళమ్మ తలెత్తి చూసి, తింటావా అని అడిగింది. తిన్నాను. కళ్ళు పళ్ళెంలోంచి పైకెత్తలేకపోయాను. ఆయన నేను విన్నది వినడానికి ఒక క్యాసెట్టు కొన్నాడు. ఆయన విన్నది వినాలని నాకు రెండేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు, విన్నది కూడా షాపులో అరవై లేకపోబట్టే.

ఆదివారం ఇద్దరం కలిసే వెళ్ళాం. దారిలో ఆయన నా చెయ్యి పట్టి ఆపి, "ఏం చెప్పకు, ఊకో" అన్నాడు. నేను ఊరుకోలేదు. కూర్చోగానే మొత్తం చెప్పేశాను. ఇంజనీరింగ్ కుర్రాడు వాడిదీ అరవయ్యేనని తెలుసుకుని నెత్తి కొట్టుకున్నాడు. ప్రూఫులాయనది తొంభై. రెండేళ్ళు "పాయింటే" అంటూ రెండు వైపులా తల ఊపినవాడు, ఇప్పుడు తనకు ముందునుంచీ అనుమానమేనన్నాడు. "అంటే ఇన్ని దినాలు నువ్వు టేపు అయిపోయినదాని మీద లెక్చరిచ్చినవా?" అని బల్ల బల్లంతా నవ్వింది. పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూశారు. నా స్థానం ఆ నవ్వులో కొట్టుకుపోయింది, తెలుస్తూనే ఉంది.

క్లర్కన్న నవ్వలేదు. చాయ వచ్చాక నా వైపు తిరిగి, అలవాటు ప్రకారం, "ఇగ చెప్పు తమ్మీ, చివర ఎట్లుంది?" అన్నాడు.

నాలుక చివరిదాకా కొత్త అర్థం ఒకటి వచ్చింది. మింగేశాను.

"మీరు చెప్పండన్నా" అన్నాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చాయ చల్లారిపోయేదాకా చెప్పాడు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.