పుట్టిన తేదీ బరువు

అబిడ్స్‌లో ఆటసామాన్ల దుకాణం నడిపే ఆ పెద్దమనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. వేళ్లు రంధ్రాల్లో దూర్చి, దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ బంతి కొనడానికి ఎవరు వెళ్లినా ఆయన చెయ్యి చూడడు, వేళ్లు కొలవడు. కళ్లు సగం మూసి ఒకే ప్రశ్న వేస్తాడు: “పుట్టిన తారీఖు ఏంది?”

రాష్ట్ర జట్టు ఎంపికకు సిద్ధమవుతున్న నా మేనకోడలు “పద్నాలుగు” అంది.

“గట్లయితే పద్నాలుగు పౌండ్లదే తీస్కో బిడ్డా. నీ నంబరు బాల్ మీదనే ఉన్నది, ఇంకేం ఫికర్?”

సన్నని మణికట్టు పిల్ల, అప్పటిదాకా పది పౌండ్ల బంతితో ఆడింది. నేను వాదించబోతే మా చెల్లెలు అడ్డుపడింది. “అన్నా, దుకాణంల గూడ నీ వాదనేనా? జర ఊకో.”

వారం తిరక్కుండా మణికట్టు వాచింది, ఎంపిక పోయింది. ఆ బంతిని తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో, ఆయాసపడుతూ, పక్కకు జరిపి అడిగాడు: “రాహుకాలంల గిట్ట ఇసిరిందా సారూ?”

ఆ మూర్ఖత్వానికి నవ్వి ఊరుకునేవాణ్నే. కానీ ఇంటికి వెళ్లేసరికి మేనకోడలు చేతికట్టు చూసుకుంటూ అంది:

“మామా, నేను పదో తారీఖు పుట్టుంటే మంచిగుండేది.”